తొట్టి వేళకే నడిచింది

ఇన్నేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. అందులో అబద్ధపు మాట ఒక్కటీ లేదు. అందుకే అది ఇంత బరువైందేమో. మీరు నాకు పరిచయస్థులు కారు కనుకనే చెప్పగలుగుతున్నాను.

పందొమ్మిదివందల అరవైలలో వరదకు మా ఏటి వంతెన కూలిపోయింది. రెండు గట్ల మధ్య ఇనుపతాడు కట్టి, దానికి వేలాడే చెక్కతొట్టిలో జనాన్ని దాటించేవారు. అవతలి గట్టున నెల్లూరు బస్సు. కచేరీలకూ, కొట్లకూ, బళ్లకూ పోయేవారందరికీ పొద్దున అదే దారి. తొట్టి నిర్వహణ నాది. ఆరుగురు ఎక్కవచ్చు. గంట కొట్టిన క్షణానికి అది కదలవలసిందే.

పెంచలయ్యది హరిజనవాడ. పట్నంలో ఒక బడికి కొత్తగా పంతులుగా వేశారు. అందరికంటే ముందే వచ్చి నిలబడేవాడు. తొట్టిలో రైతులుంటే అతణ్ణి ఎక్కనిచ్చేవాణ్ణి కాను. కులమని ఏనాడూ అనలేదు. అలా అనడం నేరమని తెలుసు. నేనూ చదువుకున్నవాణ్ణే; అందుకే బరువు ఎక్కువైందని అన్నాను.

“అయ్యా, నలుగురే గదా ఉండేది? ఇంకా ఇద్దరికి చోటుండాదే,” అన్నాడొకనాడు.

తొట్టిలోని పెద్దరైతు నవ్వాడు. “నీ సంచీలో పుస్తకాలుండాయి గదా పంతులూ! ఆ బరువుకి తాడు తెగతాది.”

“బడిగంట కొట్టేస్తారయ్యా. ఈ నెల్లో ఇప్పటికే శానాసార్లు ఆలస్యమైపోయినాది.”

“బరువు సరిపోయింది. తరువాత రా,” అన్నాను. రైతులను “రండి” అనేవాణ్ణి.

కొన్నాళ్లకు ఆ బడి పెద్దలనుంచి ఉత్తరం వచ్చింది. తొట్టివల్లనే ఆలస్యమవుతున్నదని పంతులు చెప్పుకున్నాడట; నిజమేనా అని అడిగారు. “తొట్టి ప్రతిదినమూ వేళకే నడుస్తున్నది” అని రాసి సంతకం చేశాను. అతని కొలువు పోయింది.

రాస్తున్నప్పుడు నాకు తెలియదా? తెలుసు. రైతులకు భయపడ్డానా? లేదు. అతణ్ణి ఆపమని వారెవరూ నన్ను అడగలేదు. అడగకముందే, అడిగించుకోవడం మర్యాద కాదని, క్రమం చెడుతుందని, నా అంతట నేనే చేసి, దానికి నిబంధన అని పేరు పెట్టుకుని, ఆ పేరు చాటున ఉద్యోగ విరమణదాకా సుఖంగా నిద్రపోయాను. సుఖంగానే. అది కూడా చెప్పాలి.

మరుసటి కోతలకు అతడు మళ్లీ గట్టుకు వచ్చాడు. చేతిలో కొడవలి. వెంట వాడలోని కూలీలు. అవతల పెద్దరైతు పొలం కోతకు వచ్చి ఉంది. ఆ తొట్టిలో ఎనిమిదిమంది ఎక్కారు. చూశాను. గంట కొట్టాను. అతడు నావైపు తిరగలేదు.

అతడిప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. వెతకలేదు. క్షమాపణ కోరుతూ ఇది రాయడం లేదు. కోరే అర్హత ఉందో లేదో తేల్చుకునే శక్తి కూడా నాలో మిగలలేదు. పెంచలయ్య ఏ ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదు. గట్టుమీద నేను ఆపాను. నా భార్యకు కూడా ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు మీకు తెలుసు.