ఇన్వర్టర్ శ్రుతిలో వచ్చిన ఈల

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లను ఏడిపించడం నాకు మొదటినుంచీ సరదా. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేననను. జరిగింది మాత్రం చెబుతాను. నమ్మించే ఓపిక నాకు లేదు.

మాది కదిరి. పన్నెండేళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించాను, అన్నీ ఇంకొకరి పాటలే. విసుగెత్తి తిరుమణి సోలార్ పార్కులో టెక్నీషియన్‌గా చేరాను. చచ్చేలోపు నాదంటూ ఒక్క ట్యూనైనా ఉండాలన్న పట్టుదల మాత్రం పోలేదు. మాటలు అక్కర్లేదు, గిటార్ ఒక్కటే చాలు.

భోజనం వేళలో ఇన్వర్టర్ గది నీడన కూర్చునేవాణ్ణి. ఎండ ఉన్నంతసేపూ ఆ గది ఒకటే శ్రుతిలో గుయ్యిమంటుంది. గిటార్ లావు తీగలు రెండింటినీ ఆ శ్రుతికే కలుపుకుని, సన్న తీగల మీద వెతుక్కునేవాణ్ణి. బాగున్న ముక్కను ఫోన్లో రికార్డు చేసుకోవడం, మర్నాడు విని సగం తీసెయ్యడం. ఏడాది గడిచింది. మొదలు కుదిరింది, నడక కుదిరింది, ముగింపు దగ్గర ఆగిపోయాను. డ్యూటీ దిగేసరికి ఒళ్లు హూనం, ఇంట్లో గిటార్ ముట్టబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు వాయిస్తుంటే వేళ్లు వాటంతటవే దారి మళ్లాయి. జారుతూ పైకెళ్లి, రెండుసార్లు తెగి, కిందికి దిగే చిన్న ముక్క. కంచె అవతల మేస్తున్న గొర్రెలు తలలెత్తాయి. ఒక్కొక్కటే మేత వదిలి, వాటి దొడ్డి ఉన్న ఊరు రాయచెర్లు దారి పట్టాయి.

వాటిని మేపే లక్ష్మక్క, అరవై దాటిన మనిషి, మందను వదిలేసి కంచె దగ్గరికి వచ్చింది.

"ఆ ఈల నీకు ఎవురు నేర్పినారప్పా?"

ఎవరూ నేర్పలేదన్నాను. అది చనిపోయిన వాళ్లాయన ఈల అట. ఇక్కడి కాపరుల్లో ఎవరి ఈల వారిదే, మంద ఇంకొకరి ఈలకు కదలదు. ఈ ప్యానెళ్లున్న నేలలోనే, పార్కు రాకముందు, ఆయన గొర్రెలు మేపాడు. ఆయన పోయేనాటికి నేను ఈ వైపే రాలేదు. అప్పటి గొర్రె ఒక్కటీ ఇప్పుడు మందలో లేదు. లక్ష్మక్క ఈల వెయ్యదు, నోటితో అదిలించి తోలుతుంది.

"పొద్దు గూకినాక ఇంటికి మళ్లించే ఈల అది. పగలు వాయించొద్దప్పా, కడుపు నిండకుండానే పోతాయి."

నాకు కోపమొచ్చింది. ఏడాది చాకిరీ చేసి పుట్టించుకున్నది ఇంకొకరిదంటే ఎవరికి రాదు? నా ట్యూను ముగింపు అదేనని మొండిగా అన్నాను.

"యాడ ముగిసినాది? కొస ఇంకా ఉండాది," అంది. ఎలా ఉంటుందో చెప్పమంటే తల అడ్డంగా ఊపింది. "అది గొర్రెలకు కాదప్పా. దొడ్డి తలుపు తీయమని నన్ను పిలిచేది."

కొన్నాళ్లు ఆ ముక్క వదిలేసి వేరే ముగింపులు కట్టి చూశాను. ఏదీ నిలవలేదు. అలసిపోయాను.

ఒక మధ్యాహ్నం మంద కనబడలేదు. మొదటినుంచీ వాయించాను. ఆ ముక్క దగ్గర ఆపుదామనుకున్నాను, చెయ్యి ఆగలేదు. ఇంకో నాలుగు స్వరాలు వచ్చాయి.

కంచె అవతల, నావైపు వీపు పెట్టి పుల్లలు ఏరుకుంటున్న లక్ష్మక్కను నేను చూడనేలేదు. "వస్తాండా!" అని కేకేసి లేచింది. పడుచుపిల్ల గొంతు అది. పుల్లలు పడేసి, నావైపు కాదు, ప్యానెళ్ల వరసల వైపు గబగబా నడిచింది. కంచె తగిలి ఆగిపోయింది.

తప్పు చేసినట్టు గిటార్ పక్కన పెట్టాను.

ఆమె కంచె పట్టుకుని, నావైపు తిరక్కుండా, "ఇంకొకసారి వాయించప్పా," అంది.

వాయించాను. అది ఎవరి ట్యూనని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.