పాత కోర్టు వసారాలో పిలుపు

విలేకరిగా నా రోజుల్లో చాలా భాగం మా వైపు పాత కోర్టు వసారాలో గడిచింది. దొరల కాలంలో కచేరీ కోసం కట్టి, తర్వాత కోర్టుకిచ్చిన భవనం అది. ఉదయగిరి కొండల రాతితో పునాది, గానుగ సున్నంతో మందపాటి గోడలు, టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి పేర్చిన మద్రాసు మిద్దె. లాగుడు పంకాల కొక్కేలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వసారా కప్పు ఎంత ఎత్తంటే, బంట్రోతు గుమ్మంలో నిలబడి పేరు పిలిస్తే ఆ కేక స్తంభాల మధ్య తిరిగి టీకొట్టు దాకా వినపడేది. అందుకే కక్షిదారులు లోపలికి రారు. అరుగు మీద సద్దిమూట విప్పుకుని, పిలుపు కోసం చెవి ఒగ్గి కూర్చుంటారు.

మొన్నటి వానలకు మిద్దె కారింది. మరమ్మతు అయ్యేదాకా కోర్టును బజారులో ఒక అద్దె మేడ మీదికి మార్చారు. కొత్త చోటు ఎలా ఉందో చూసి రాద్దామని వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను.

ఒక ముసలామె దావా నడుస్తోంది. ఆమె చేనికి పోయే దారిని మరిది దున్ని తన పొలంలో కలిపేసుకున్నాడట. అది ఆఖరి వాయిదా. ఆమె బోనెక్కకపోతే దావా పోతుంది. బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఆమె వకీలు మెట్ల వైపు చూస్తున్నాడు.

అంతలో మరిదే లేచాడు. "మా వదినె వచ్చిందండయ్యా. బస్సులో నా పక్కనే కూచోనొచ్చింది. పాత కోర్టు అరుగు మీద ఉండాది."

అతని వకీలు చొక్కా పట్టి లాగాడు. "ఊరుకోవయ్యా!"

"ఊరుకుంటే ఎట్ట సార్? సాయంత్రం మళ్లా ఆ బస్సులోనే గదా పోవాల."

జడ్జిగారు నవ్వాపుకుని, ఈ కేసు కాసేపాగి పిలవమన్నారు. మరిదితో పాటు నేనూ పాత కోర్టుకు వెళ్లాను. మరమ్మతుకు కట్టిన పరంజీ కర్రల పక్కన, అరుగు మీద ఆమె నింపాదిగా వక్క నములుతోంది.

"కోర్టు మారిందని చెప్పినా గదా వదినె!"

"జడ్జీ మారినాడనుకున్నా. పిలిచేది ఈడ్నించే గదరా, ఇన్నేళ్లుగా?"

"లెయ్, చెయ్యి పట్టుకో."

"నా దారి దున్నిన చెయ్యి నాకొద్దు."

మేడమెట్లకు పట్టుకునే కమ్మీ లేదు. గోడ పట్టుకునే ఎక్కింది.

బోనులో ఆమె చెప్పింది విన్నాక, మరిది వకీలు లేచి అక్కడ దారే లేదన్నాడు. ఆమె అతణ్ణి చూడను కూడా లేదు. మరిది వైపు తిరిగింది. "నువ్వే చెప్పరా. మీ అన్నను పూడ్చను ఏ దారిన మోసుకుపోయినారు?"

వకీలు అడ్డుపడేలోపే అతను తల దించుకుని అన్నాడు. "ఆ దారినే వదినె. పాడె ముందు కొమ్ము నేనే పట్టినా."

టైపు చేసే అమ్మాయి ఆగి పైకి చూసింది. రాసుకోమన్నట్టు జడ్జిగారు చెయ్యి ఊపారు.