మా మరిడమ్మ అడ్రసు వెతుక్కుంటూ గాజువాక దాకా

దేవతకు మొక్కేసి, తీరా మొక్కు చెల్లించాల్సి వచ్చేసరికి ఆ దేవత ఎక్కడుందో తెలియక తిరగడం ఇంకెవరికైనా జరిగిందో లేదో గానీ, నాకు జరిగింది. ఎనభై ఐదు చలికాలంలో నేనూ మా ఆయనా చేసిన ఆ చిన్న ప్రయాణం గురించే ఇది. ఉక్కు ఫ్యాక్టరీకి పోయిన ఊళ్ళలో పుట్టి, పెళ్ళిళ్ళై వేరే చోట స్థిరపడిన ఆడవాళ్ళు ఈ జిల్లాలో చాలామందే ఉంటారు. వాళ్ళకి ఇలాంటి పని పడితే అక్కరకొస్తుందని దారీ ఖర్చులూ కూడా రాస్తున్నాను.

మా ఆయన పోర్టులో క్రేన్ల దగ్గర ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆ మరుసటి ఏడే నేనూ బడి నుంచి రిటైరయ్యాను. విశాఖపట్నం ఎండల్లో చెమట తుడుచుకోవడానికే పొద్దు చాలదు కాబట్టి మా తిరుగుళ్ళన్నీ చలికాలంలోనే. మొదటి ఏడు రైల్లో అరకు వెళ్ళి జలుబు తెచ్చుకున్నాం. రెండో ఏడు భీమిలిలో నాలుగు రోజులుండి చేపలు తిన్నాం. ఎక్కడికెళ్ళినా ఆయన చంకలో పేపరుంటుంది. పొద్దున్న మొదటి కాఫీ నాతో తాగుతారు, రెండోది మంత్రులతో పోట్లాడుతూ తాగుతారు.

మూడో చలికాలానికి మాకు మనవరాలు పుట్టి ఉంది. కోడలికి తొలి కాన్పు చాలా కష్టమైంది. ఆసుపత్రి వరండాలో కూర్చున్న నాకు ఏ పెద్ద దేవుడూ గుర్తు రాలేదు. "తల్లీ మరిడమ్మా, ఇద్దరినీ క్షేమంగా ఇంటికి పంపు, బిడ్డ పుట్టువెంట్రుకలు నీ దగ్గరే తీయిస్తాను" అనుకున్నాను. మరిడమ్మ మా పుట్టింటి ఊరు ఉప్పలోవ దేవత. నా వెంట్రుకలూ, మా అబ్బాయి వెంట్రుకలూ ఆవిడ దగ్గరే తీశారు. మొక్కు నోట్లోంచి వచ్చేశాక గానీ అసలు సంగతి తట్టలేదు. ఉప్పలోవ ఇప్పుడు లేదు. ఫ్యాక్టరీ కోసం ఊరు తీసేసి జనాన్ని గాజువాక అవతల కాలనీలకు తరలించారు. అప్పటికే మా అమ్మా నాన్నా పోయారు. అందుకే ఆ కాలనీల వైపు నేనెప్పుడూ వెళ్ళలేదు.

పిల్లకి పదకొండో నెల నడుస్తోంది. అది దాటితే మళ్ళీ మూడో ఏడే. "సింహాచలంలో తీయించేద్దామమ్మా, దేవుడంతా ఒకటే" అన్నాడు మా అబ్బాయి. దేవుడంతా ఒకటే గానీ నేను మాటిచ్చింది మరిడమ్మకి. మాటిచ్చి తప్పితే పిల్లకేమైనా అవుతుందేమోనని నాకు నిజంగానే భయం వేసింది. చదువుకున్నదాన్ని, పాతికేళ్ళు పిల్లలకి సైన్సు పాఠం చెప్పినదాన్ని. అయినా భయం వేసింది.

ఇక్కడ మా ఆయన సంగతి కూడా చెప్పాలి. ఫ్యాక్టరీ కావాలని ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచినవాళ్ళలో ఆయనొకరు. శంకుస్థాపన రాయి వేసి నాయకులు వెళ్ళిపోయాక, ఏళ్ళ తరబడి పని కదలకపోతే వాళ్ళని తిట్టినవాళ్ళలోనూ ఆయనొకరు. "మీరు అరిచి తెచ్చిన ఫ్యాక్టరీయే మా ఊరు మింగేసింది" అని నేనంటే, "మరి దేశానికి ఉక్కొద్దేటే పంతులమ్మా?" అంటారు. నలభై ఏళ్ళ కాపురంలో మిగతా తగువులన్నీ ఎలాగోలా తీరాయి, ఇదొక్కటే మిగిలిపోయింది.

డిసెంబరులో ఒక గురువారం పొద్దున్న ఏడు గంటలకి పాత పోస్టాఫీసు దగ్గర సిటీ బస్సెక్కాం. సింధియా, మల్కాపురం మీదుగా గాజువాకకి గంట పైనే పడుతుంది. టిక్కెట్టు మనిషికి రెండు రూపాయల లోపే. ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి, మంచు పలచబడుతుంటే షిప్‌యార్డు క్రేన్లు ఒక్కొక్కటే కనిపిస్తాయి. నా సంచిలో పసుపూ, కొబ్బరికాయా, టిఫిన్ డబ్బాలో నాలుగు చామంతులూ ఉన్నాయి. గాజువాకలో దిగి ఇడ్లీ తిని, ఒక ఆటో మాట్లాడుకున్నాం. నడిపే కుర్రాడి పేరు పైడిరాజు.

"ఉప్పలోవ మరిడమ్మ గుడికి తీసుకెళ్తావా బాబూ?" అన్నాను.

"ఏ మరిడమ్మకమ్మా? రెండున్నాయి కదా" అన్నాడు పైడిరాజు.

"రెండేటి? ఊరొకటే కదా" అన్నారు మా ఆయన.

"ఊరొకటే గానీ కాలనీలు రెండు బాబూ. ఈలు మాదే అసలు అంటారు, ఆలు మాదే అసలు అంటారు. మజ్జిన మా ఆటోలోలకి నాలుగు డబ్బులొత్తన్నాయి" అని నవ్వాడు. రెండు చోట్లకీ తిప్పి, ఆగి, మళ్ళీ గాజువాకలో దింపడానికి పదిహేను అడిగి పన్నెండుకి ఒప్పుకున్నాడు.

మొదటి కాలనీలో వీధులు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. పాత ఊళ్ళో గోడకు గోడ ఆనుకుని బతికినవాళ్ళు ఇక్కడ ఆ చివరొకరు, ఈ చివరొకరు. చీట్లు తీసి స్థలాలిచ్చారట. నాకు తమ్ముడు వరసయ్యే అప్పన్న ఎదురొచ్చి "అప్పా! ఇన్నాలకి తోవ తెలిసిందా?" అని చెయ్యి పట్టుకున్నాడు. గుడి గులాబీరంగులో మెరిసిపోతోంది. లోపల సిమెంటు అమ్మవారికి నాలుగు చేతులు, కింద సింహం. బయట పాలరాతి పలక మీద ఎవరో నాయకుడి పేరు అమ్మవారి పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉంది.

మా ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. "గుడి అమ్మదేటి, ఈడిదేటి?" అన్నారు.

"అలగనకు బావా. సిమెంటు ఆయనే ఇప్పించినాడు" అన్నాడు అప్పన్న.

"ఇంటికో ఉద్జోగం ఇప్పిత్తానన్నాడు కదా, అదెక్కడ రాసినారు?"

అప్పన్న నొచ్చుకోలేదు. పెద్దకొడుక్కి ఖలాసీ పని దొరికిందనీ, రెండోవాడు ఎదురుచూసి ఎదురుచూసి లారీ క్లీనరుగా పోయాడనీ చెప్పాడు. నేను అమ్మవారికి దణ్ణం పెట్టాను గానీ మనసు నిలవలేదు. మా మరిడమ్మకి చేతులూ లేవు, సింహమూ లేదు. మోకాలెత్తు రాయి, అంతే. "పాత రాయేదిరా?" అని అడిగితే అప్పన్న గుడి మెట్ల వైపు చూస్తూ "అటు కాలనీలో అడుగప్పా" అన్నాడు.

రెండో కాలనీ రోడ్డు దాటితే వస్తుంది. అక్కడ తాటాకుల పాక, పాకలో నిండా పసుపు రాసిన రాయి. చూడగానే ప్రాణం లేచొచ్చింది. పాక ముందు కూర్చున్న ముసలావిడ సన్యాసమ్మ పిన్ని. పాత ఊళ్ళో అమ్మవారి పూజ తరతరాలుగా వాళ్ళింటిదే. "నువ్వు పంతులమ్మవి కాదేటే? ముసిలిదానివైపోనావే!" అంది, తానేదో పదహారేళ్ళ పిల్లైనట్టు.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. మరిడమ్మ రాయికి ఎడమ పక్కన వేలు పట్టేంత గుంట ఉంటుంది. వెంట్రుకలు తీశాక బిడ్డ బొటనవేలు పసుపులో ముంచి ఆ గుంటలో అద్దించాలి. అప్పుడే ఆ బిడ్డ ఊరి బిడ్డ. నేను వంగి రాయిని ఎడమ పక్క తడిమాను. నున్నగా ఉంది. కుడి పక్క తడిమాను. అక్కడా గుంట లేదు.

"పిన్నీ, ఇది అమ్మ కాదు" అన్నాను.

సన్యాసమ్మ పిన్ని రాయి మీద చెదిరిన పసుపు సర్దింది. "కాదే. ఊరొగ్గీ రోజున అమ్మని పువ్వడిగినాం" అంది. పువ్వడగడమంటే రాయి నెత్తిన పువ్వు పెట్టి ప్రశ్న వేయడం. పువ్వు జారి కిందపడితే అమ్మ సరేనన్నట్టు. "మాతో వొత్తావా తల్లీ అని అడిగినాం. పొద్దుగూకీ దాకా కూకున్నాం. పువ్వు రాల్నేదు. బలవంతాన తేలేం కదా! గుప్పెడు మట్టి ఆలు, గుప్పెడు మట్టి మేమూ ఎట్టుకొచ్చీసినాం. ఆ మట్టి మీదే ఈ రాయి నిలబెట్టినాం."

"మరి అప్పన్న చెప్పలేదేం?"

"ఆడికి సిగ్గే. అమ్మనొగ్గీసి వొచ్చినామని ఎవులు సెప్పుకుంటారు?"

నాకు ఏడుపొచ్చింది. పిన్ని మాత్రం లేచి, "నువ్వూ అడుగు" అంది. డబ్బాలోంచి చామంతి తీసి రాయి మీద పెట్టి, "తల్లీ, పిల్లని ఎక్కడికి తీసుకురమ్మంటావు?" అన్నాను. పువ్వు కదల్లేదు. పైడిరాజు కూడా ఆటో దిగొచ్చి గొంతుక్కూర్చున్నాడు. మా ఆయన రెండుసార్లు వాచీ చూసుకున్నారు.

"ఎక్కడికీ అని అడిగితే పువ్వేటి సెప్తాదే? అవునో కాదో అడగాల గానీ. పిల్లలకి పాఠాలెలగ సెప్పినావే నువ్వు!" అని కేకలేసింది పిన్ని.

"ఇక్కడ తీయించమంటావా?" అన్నాను. కదల్లేదు. "పాత చోటికే రమ్మంటావా?" అన్నాను. పువ్వు కొంచెం ఒరిగి, జారి, కుడి వైపు పడింది.

"గాలి" అన్నారు మా ఆయన.

"గాలైతే ముందే పడాల కదా అల్లుడుగోరూ" అంది పిన్ని.

అక్కడి నుంచి ఆటో ఫ్యాక్టరీ ముళ్ళకంచె పక్కన దుమ్ములో చాలా దూరం పోయింది. టిప్పర్లు ఎదురొస్తుంటే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవాల్సిందే. ఎవరో కాంట్రాక్టరు మనుషులు పెట్టుకున్న గేటు దగ్గర ఆగాం. కాపలా మనిషిది తగరపువలస వైపు ఊరు, మా ఆయనదీ అదే వైపు. ఆ ధైర్యంతో ఆయన మొదలుపెట్టారు. "సూడు బాబూ, ఈ ఫ్యాక్టరీ కోసం నాను అప్పట్లో..."

"ఇక్కడికొచ్చినోలందరూ అదే సెప్తారు బాబూ" అన్నాడు కాపలా మనిషి, మర్యాదగానే.

నేను మరిడమ్మ రాయి గురించి అడిగాను. అతను గేటు లోపలికి చెయ్యి చూపించాడు. గేటు నుంచి తిన్నగా పోతున్న రోడ్డు ఒకచోట విల్లులా వంగి, మళ్ళీ తిన్నగా పోతోంది. ఆ వంపులో ఒక పసుపు చుక్క. "రోడ్డేసినప్పుడు ఆ రాయి మీద కూలోలు సెయ్యెయ్యనేదంట. మేస్త్రీ కూడా నా వల్ల కాదన్నాడంట. సివరికి రోడ్డే ఒంగింది" అన్నాడు. అంతమంది నాయకులూ ఇంజనీర్లూ ఉన్నచోట, ఒక్క పువ్వు రాలకపోవడం మూలాన రోడ్డు పక్కకి తిరిగింది. అది చూసి మా ఆయన కూడా నోరు తెరిచారు.

"మంగళారం పొద్దున్నే షిఫ్టు మారక ముందు రండమ్మా. పసుపు రాసుకోడానికి ఆడోల్ని ఎల్నిత్తాం. మగోల్ని మాత్రం ఎల్నివ్వం" అన్నాడు.

"ఏం? మేమేటి సేసినాం?" అన్నారు ఈయన.

"మగోలైతే లోపల కూకుని ఉద్జోగాలియ్యండని గోల సేత్తారు బాబూ."

ఆయన మొహం చూసి నాకు నవ్వాగలేదు. తిరుగు బస్సులో సింధియా దాకా ఆయన పేపర్లోంచి తలెత్తలేదు.

మంగళవారం తెల్లవారేసరికి అందరం గేటు దగ్గరున్నాం. కోడలి తమ్ముడు మేనమామగా మొదటి కత్తెర వేశాడు. గాజువాక నుంచి తెచ్చుకున్న మంగలి గేటు బయటే మిగతాది తీశాడు. పిల్ల గుక్కపెట్టి ఏడ్చి, గుండు తడుముకుని ఊరుకుంది. చెప్పులు విప్పి మా ఆయన చేతికిచ్చి, వెంట్రుకలు పసుపు గుడ్డలో కట్టుకుని, నేనూ కోడలూ పిల్లనెత్తుకుని లోపలికి నడిచాం. గుంట అక్కడే ఉంది. అందులో తడి ఆరని పసుపు. మాకంటే ముందే ఎవరో వచ్చి వెళ్ళారన్నమాట. వెంట్రుకల మూట అమ్మ ముందు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పిల్ల బొటనవేలు పసుపులో ముంచి అద్దించాను. అది వెంటనే ఆ వేలు నోట్లో పెట్టుకుంది. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను.

తిరిగొచ్చేసరికి ఆయన కంచె అవతల, మా రెండు జతల చెప్పులూ చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నారు. మొక్కు గురించి అడుగుతారనుకున్నాను. "అక్కడికి ఫర్నేసు కనిపిత్తాదా? ఎంత లేచింది?" అన్నారు, మెల్లగా. నేను రాయి తప్ప ఏమీ చూడలేదు. అన్నేళ్ళ కిందట ఆయన గొంతు పోగొట్టుకున్నది దేనికోసమో, దాన్ని ఆయన ఇంతవరకూ కళ్ళతో చూడలేదని నాకు అప్పుడే తట్టింది. కొబ్బరి చిప్ప మరిచిపోయానని కాపలా మనిషికి చెప్పి, మళ్ళీ ఆ వంపు దాకా నడిచాను. ఈసారి రాయికి వీపు పెట్టి నిలబడి, ఇనుప చట్రం ఎంత ఎత్తు లేచిందో, పైన ఎందరు మనుషులున్నారో, నిప్పురవ్వలు ఎటు రాలుతున్నాయో అంతా చూసుకుని వచ్చి చెప్పాను. ఆయన బడిపిల్లాడిలా విన్నారు. "అయితే లేత్తందన్నమాట" అన్నారు. నేను గేటు దాటి రాగానే చెప్పులు కింద పెట్టి, నేను వేసుకునేదాకా నా మోచెయ్యి పట్టుకున్నారు.

మా తగువు ఇంకా తీరలేదు. ఆయన పేపరూ మానలేదు, మంత్రులకి తిట్లూ తగ్గలేదు. మా ఊరు పోయిందన్న బాధ నాకలాగే ఉంది, ఉక్కు రావాలన్న ఆశ ఆయనకలాగే ఉంది. కాకపోతే ఆ రెండూ చూడాలంటే నిలబడాల్సిన చోటు ఒక్కటేనని ఆ రోజు తెలిసింది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. మంగళవారం షిఫ్టు మారక ముందే చేరుకోండి. గేటు బయట ఆగిపోయే మీ ఇంటి మగవాళ్ళని, లోపల ఏం చూసి రమ్మంటారో ముందే అడిగి వెళ్ళండి. కొబ్బరి చిప్ప సాకు రెండోసారి నమ్మరు.