ఫెలిసియానో పెళ్ళి పీపా

మా ఊరు అమతితాన్‌లో తెకీలా సారా ఊరే పీపాలు చూసుకునే ఫెలిసియానో పెళ్ళీడు దాటినవాడు. మా వీధి ఎదెల్మీరా ఒప్పుకోగానే పెళ్ళి విందుకని ఓక్ చెక్క పీపా ఒకటి తెకీలాతో నింపుకున్నాడు. ఆవిడేమో వానలు వెళ్ళనీ అంటుంది, అక్క మోకాలు కుదుటపడనీ అంటుంది. ముహూర్తం వాయిదా పడినప్పుడల్లా అతను పీపాలోంచి రెండు చుక్కలు అరచేతుల్లో రుద్ది, వాసన చూసి, మొహం ముడుచుకుంటాడు. నిన్న ఆగలేక గ్లాసుతో ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడుస్తూ నేనూ అక్కడే ఉన్నాను.

"చూడు ఎదెల్మీరా, తెకీలాలో కాల్చిన అగావే దుంప వాసన పోతోంది. ఇంకొన్నాళ్ళు ఆగితే మన పెళ్ళికొచ్చినవాళ్ళు పీపా చెక్క నాకి పోవాలి."

ఆవిడ గ్లాసు అందుకుని తీరిగ్గా గుటకేసింది.

"ఇప్పుడే కదయ్యా, గొంతు కొయ్యకుండా దిగుతోంది. ఇంకో ఏడాది ఉంచు."

ఫెలిసియానో గ్లాసు ఆవిడ చేతిలోనే వదిలేశాడు. ఖాళీ అరచేతులు రుద్దుకుంటూ వీధి దాటిపోయాడు.