గోరు మీది సిరా

ఎమర్జెన్సీ ఎత్తేశాక వచ్చిన ఎన్నికల్లో ఓటేసి, ఆ సిరా గుర్తు ఇంకా గోరు మీద ఉండగానే నేను షికాగోలో విమానం దిగాను. ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. మొదటి రోజే మా సూపర్‌వైజర్ నా ఎడమచేతి చూపుడువేలు చూసి, ఏదో చర్మవ్యాధి అనుకుని గ్లవ్స్ వేసుకోమంది. ఇది రోగం కాదు, ఓటు అని చెప్పాను. ఆవిడకి ఎక్కలేదు. ఓటేస్తే మనిషికి మరక పూసే దేశమట అని పక్కవాళ్లకి చెప్పి నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో రేడియో కూడా గొంతు తగ్గించి విన్న రోజులు దాటుకుని వచ్చి వేసిన ఓటు అది.

నవ్వని మనిషి ఒక్కతే ఉంది. గాజు సామాను కడిగే పెరూ దేశపు అమ్మాయి. నాకంటే కొంచెం చిన్నది. తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుని వచ్చి, నా వేలు తన అరచేతిలో పెట్టుకుని, ఓటు వేశావు కదూ అని అడిగింది. అవునన్నాను.

"ఎన్నాళ్లుంటుంది?" అంది.

"గోరు పెరిగి, కత్తిరించి పారేసేదాకా," అన్నాను గొప్పగా.

అప్పుడు ఆమె దేశంలో సైనికుల పాలన. కొండల మీద ఒక ఊళ్లో బడిపంతులమ్మగా పనిచేస్తూ సమ్మెలో చేరినందుకు ఉద్యోగం పోయి, షికాగోలో ఉన్న పినతల్లి కూతురి దగ్గరికి వచ్చేసింది. వాళ్ల అమ్మకి చదువు రాదు. చదువు రానివాళ్లకి అక్కడ ఓటు లేదు. మీ దేశంలో చదువు రానివాళ్లు కూడా ఓటేస్తారా అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో. మా అమ్మమ్మకి సంతకం రాదనీ, బొమ్మ చూసి ముద్ర గుద్ది వస్తుందనీ, ఎవరికి వేశావంటే తాతయ్యకి కూడా చెప్పదనీ చెప్పాను. చెప్పిందే మళ్లీ చెప్పించుకునేది.

మేమిద్దరం కలిసి ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. నేను చింతపండు పులుసు పెడితే ఆమె అందులో ఉడికించిన బంగాళాదుంపలు వేసేది. నన్ను అక్కా అని పిలవడం నేర్చుకుంది. ఇద్దరివీ రెండు రకాల ఇంగ్లీషులు. అయినా ఆమెతో మాట్లాడినంత సుఖంగా ఆ రోజుల్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత అక్కడ సైనికులు దిగిపోయారు. కొత్త రాజ్యాంగం చదువు రానివాళ్లకి కూడా ఓటిచ్చింది. ఎన్నికల రోజున ఆమె షికాగోలోని తమ దేశపు కాన్సులేట్‌లో క్యూలో నిలబడి ఓటేసి, తిన్నగా మా ల్యాబ్‌కే వచ్చింది. మనవాళ్లు గోటి మీద గీత గీస్తారు. వాళ్లు వేలే ముంచేస్తారు. ఆ నల్లటి వేలు నా చేతి పక్కన బల్ల మీద పెట్టి, ఈపాటికి కొండ మీద వాళ్లమ్మ కూడా వేలు ముంచి ఉంటుందని చెప్పి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. సూపర్‌వైజర్ చూసింది గానీ, ఈసారి గ్లవ్స్ మాట ఎత్తలేదు.

ఆ ఏడాదే ఆమె తన దేశానికి వెళ్లిపోయింది. నేను పెళ్లి చేసుకుని నేపర్‌విల్‌లో ఇల్లు కొనుక్కుని, రైల్లో పనికి వెళ్లే మనిషినయ్యాను. అక్కడ మళ్లీ ఎన్నికలొచ్చాక ఆమె ఒక ఆదివారం ఫోన్ చేసి, గెలిచాను అక్కా అంది. కాంగ్రెస్‌లో, అంటే వాళ్ల పార్లమెంటులో, సభ్యురాలైంది. మా తెలుగు చర్చిలో ఆ సంగతి చెప్పి ప్రార్థన చేయమన్నాను. పెరూ ఎక్కడుందో మా సంఘపెద్దకి తెలియదు గానీ, స్తోత్రం మాత్రం గట్టిగానే చెప్పాడు.

మొదట్లో ఫోన్ చేస్తే బడి కప్పుల గురించీ, పంతుళ్ల జీతాల గురించీ చెప్పేది. రాను రాను తప్పిపోయిన మనుషుల గురించి చెప్పసాగింది. కొండల్లో ఒకవైపు తుపాకులు పట్టిన తిరుగుబాటువాళ్లు, ఇంకోవైపు సైనికులు. ఊళ్లలో మనుషులు మాయమవుతుంటే, ఎవరు తీసుకుపోయారో సభలో నిలబడి అడగడమే ఆమె పనైపోయింది. రెండు పక్షాలకీ శత్రువైంది. ఆమె గొంతు వింటే నాకు భయమేసేది.

పదవీకాలం ముగియబోయే ముందు, ఆ తప్పిపోయినవాళ్ల గురించి మాట్లాడటానికి షికాగోలో ఒక యూనివర్సిటీకి వచ్చి మా ఇంట్లో దిగింది. ఆదివారం చర్చికి తీసుకెళ్తే మావాళ్లు ఊరుకుంటారా? శాలువా కప్పారు. సంఘపెద్ద ఉపన్యాసం ఎంతకీ తెగలేదు. ఒక పిల్ల నా చెవిలో, "ఆంటీ, ఈ ఆంటీ ప్రెసిడెంటా?" అని అడిగింది. ఆమె శాలువా తీయకుండా ఓపిగ్గా కూర్చుంది.

ఇంటికొచ్చి భోజనం చేశాక, ఓటు సిరా తుడిచే మందేదైనా నీ ల్యాబ్‌లో ఉందా అని అడిగింది.

నాకు కోపమొచ్చింది. మా ఊళ్లో ఆ మాట అడిగేది దొంగ ఓట్లు వేయించేవాళ్లు. "కంచే చేను మేస్తే ఎలాగే?" అన్నాను తెలుగులోనే. అర్థం చెప్పాక, ఆమె నిదానంగా విషయం చెప్పింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి, ఆమె మళ్లీ నిలబడుతోంది. ఓటేసినవాళ్ల సిరా వేలు నరుకుతామని తిరుగుబాటువాళ్లు ఊరూరా చాటారట. ఓటేయకపోతే ప్రభుత్వం జరిమానా వేస్తుంది, కార్డు మీద ఓటేసిన ముద్ర లేకపోతే ఏ ఆఫీసులోనూ పని జరగదు. ఆమె జనానికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. వాళ్ల ఓట్లు లేకపోతే ఆమె గెలవదు. ఆమె గెలవకపోతే తప్పిపోయినవాళ్ల గురించి అడిగే గొంతు లేదు. ఓటేసి, వేలు శుభ్రం చేసుకుని ఇల్లు చేరగలిగితే చాలని ఆమె ఆశ.

నా కోపం ఏమైపోయిందో తెలియదు. మర్నాడు రైల్లో ల్యాబ్‌కి తీసుకెళ్లాను. మా ఓటు సిరాలో ఉండే వెండి లవణాన్నే మేం ల్యాబ్‌లో వాడతాం. దాని మరకలు చేతికైతే తీసే ద్రావణమూ ఉంది. వాళ్ల సిరా కూడా అదేనో కాదో తెలియదు. నా చూపుడువేలి మీద, గోటి దగ్గర ఒక చుక్క వేసుకుని కిటికీ ఎండలో పెట్టాను. నల్లబడింది. ద్రావణంతో రుద్దాను. చర్మం మీద చాలావరకు పోయింది, మంట పుట్టింది. గోటి కుదురులో మాత్రం సన్నటి నల్లగీత అలాగే ఉంది. మళ్లీ రుద్దాను. పోలేదు.

ఆమె నా వేలు అరచేతిలో పెట్టుకుని చూసింది.

"నరికేవాళ్లకి ఆ మాత్రం చాలు," అంది.

ఆ సాయంత్రమే వెళ్లిపోయింది. శాలువా తీసుకెళ్లింది, వాళ్లమ్మకి ఇస్తానని.

ఎన్నికలయ్యాక చాలా రోజులు ఫోన్ రాలేదు. వచ్చినప్పుడు గెలిచావా అని అడగలేదు నేను. అందరి వేళ్లూ ఉన్నాయా అని అడిగాను.

ఉన్నాయంది. తనే ఊరూరా తిరిగి, ఓటుకి రావద్దు, జరిమానా సంగతి తర్వాత చూద్దాం అని చెప్పిందట. పార్టీవాళ్లు పిచ్చిదానివా అని తిట్టారట. ఓడిపోయింది. తన ఊళ్లో పోలింగ్ బల్ల దగ్గర పొద్దున్నుంచీ ఎవరూ లేరు. మధ్యాహ్నం వాళ్లమ్మ ఒక్కతే కొండ దిగి వచ్చిందట.

"రావద్దని చెప్పలేదా?"

"చెప్పాను అక్కా. ఈ వేలు సిరాలో మునగడానికి ముసలిదాన్నయ్యేదాకా ఆగాను, ఇప్పుడు దాచుకోమంటావా అంది."

తల్లిని వెంటనే రాజధానికి తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకుంది. ఆవిడ ఉండనంటోంది. దుంపలు తవ్వే కాలం వచ్చిందని, ఊరికి పంపమని రోజూ గొడవట. శాలువా కింద చేయి పెట్టుకుని వెళ్తానంటోందట.

తర్వాత ఆమె అడిగింది.

"ఎన్నాళ్లుంటుంది, అక్కా?"

"త్వరగానే పోతుందిలే," అన్నాను. ముసలివాళ్ల గోళ్లు నిదానంగా పెరుగుతాయని నాకు తెలుసు. ఆమెకీ తెలిసే ఉంటుంది.