ఐ డిసగ్రీ, మేడమ్

మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో, ఒకే ఒక్క ఇంగ్లీషు క్రియతో నా పరువు నేనే తీసుకున్న వైనం చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. జాలి మాత్రం పడకండి, ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివరి మాట. హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేచింది. నేను తణుకు నుంచి వచ్చి, మూసాపేటలో పిన్ని వాళ్ళింట్లో ఉంటూ కంప్యూటర్ కోర్సు పూర్తిచేశాను. “ఈ ఇంటర్వ్యూ కూడా పోతే వచ్చెయ్యమ్మా, మావయ్య బట్టల కొట్లో కూర్చుందువుగాని,” అని నాన్న ఫోన్‌లో తేల్చేశారు. జీవితాంతం చీరలు మడతపెట్టడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

ఇంగ్లీషు కోసం మా వీధిలోనే మేడమీద క్లాసుకి వెళ్ళేదాన్ని. సారుది ఒకటే పద్ధతి. రోజుకో క్రియ ఇస్తారు. దాన్ని ఆ రోజంతా వాడాలి, లేకపోతే మర్నాడు క్లాసంతా నిలబడాలి. సరిగ్గా ఇంటర్వ్యూ రోజు పొద్దున నా ఖర్మకొద్దీ ‘డిసగ్రీ’ వచ్చింది. అంటే, ఒప్పుకోకపోవడం.

“ఎవ్వలేమన్నా సరే, ‘ఐ డిసగ్రీ’ అనాలె,” అన్నారు సారు. “గ్రూప్ డిస్కషన్‌ల తలకాయ ఊపేటోళ్ళకు నౌకరీ రాదమ్మా. జర ధైర్యంగ ఉండు!”

ఉన్నాను. ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉన్నాను.

ఆ అద్దాల మేడలోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో ముందు గ్రూప్ డిస్కషన్. పక్కనున్న అబ్బాయి, కంప్యూటర్లతో దేశం బాగుపడుతుందన్నాడు. మిగతావాళ్ళంతా తలలూపారు.

“ఐ డిసగ్రీ!” అన్నాను. గదంతా ఉలిక్కిపడింది.

ఎదురుగా ఉన్న అమ్మాయి, కాదు, కంప్యూటర్లొస్తే ఉద్యోగాలు పోతాయంది. దానికీ అందరూ తలలూపారు.

“ఐ డిసగ్రీ!”

“ఇద్దరి మాటా కాదంటే, మరి మీ మాటేమిటి?” అని ఇంగ్లీషులో నిలదీసింది.

నా మాటేముంటుంది నా మొహం! సారు ఇచ్చింది ఆ ఒక్క ముక్కే కదా. “ముందు మీరెవరైనా ఇంకేదైనా అనండి,” అన్నాను తెలుగులోకి దిగిపోయి, “అప్పుడు చెబుతాను.”

ఆ నవ్వులు లిఫ్టు దాకా వినిపించి ఉంటాయి.

తర్వాత, మూల కూర్చుని ఇదంతా చూసిన ఇంటర్వ్యూ మేడమ్ నన్ను తన గదిలోకి పిలిచారు. పక్కా హైదరాబాదీ ఆవిడ. “సారీ అమ్మా, ఈ ఉద్యోగం నీతోని కాదు.”

కళ్ళ ముందు మావయ్య కొట్టు, చీరల దొంతరలు కదిలాయి.

“ఐ డిసగ్రీ, మేడమ్,” అన్నాను. ఈసారి సారు కోసం కాదు. నిజంగానే ఒప్పుకోలేదు.

“ఎందుకు?”

“వాళ్ళందరూ భయపడి తలలూపారండీ. నేను భయపడి కాదన్నాను. అందరిదీ ఒకటే భయం. నన్నొక్కదాన్నే పంపేస్తే ఎలాగండీ?”

ఆవిడ పెన్ను కింద పెట్టి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. “ప్రోగ్రాం రాసుడు వద్దు గానీ, టెస్టింగ్‌ల కూసుంటవా? రాసినోడు అంతా బాగుందంటడు. నువ్వు ఒప్పుకోవద్దు. గంతే పని. కానీ తప్పేడుందో చూపియ్యాలె.”

నోరు తెరిచాను. పొద్దుటినుంచి ఉన్న అలవాటు కదా, ‘ఐ డిస’ దాకా వచ్చేసింది. రెండు చేతులతో నోరు మూసుకుని తలూపాను.

అద్దాల మేడ మెట్లమీద నిలబడి గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను: చేతిలో కారణం లేకుండా ఈ జన్మలో ఆ క్రియ పలకను గాక పలకను.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. అంతా విని, “తప్పులు వెతికితే జీతమిస్తారా? నిన్నెవరో మోసం చేస్తున్నారమ్మా. వచ్చెయ్,” అన్నారు.

ఒట్టు మీద ఒట్టు, ఈసారి నా దగ్గర కారణం ఉంది, ఉద్యోగమూ ఉంది.

“ఐ డిసగ్రీ, నాన్నా,” అన్నాను.