గంగను లెమ్మన్నవాడు

దుబాయి పోయినవాడు అక్కడ ఏం పని చేస్తాడని మా ఊళ్లో ఎవరూ అడగరు. ఒంటెలు కాస్తాడో, మేడలకు సున్నం వేస్తాడో ఎవరికి పట్టింది? వచ్చేటప్పుడు ఏం తెస్తాడన్నదే లెక్క. ఒక్క లింబయ్యను మాత్రం అడిగారు. అడిగి నవ్వారు. ఎందుకంటే లింబయ్య చేసిన కొలువు సముద్రాన్ని చూస్తూ కూర్చోవడం.

మా ఊరు బోధన్ అవతల, మంజీర ఒడ్డున. చెరుకు బండ్లు పోయే దారిలో, నది వైపు దిగే చోట చేపలు పట్టే మా గంగపుత్రుల ఇళ్లుంటాయి. లింబయ్యది అందులో ఒక ఇల్లు. మావాళ్లకు పారే నీళ్లన్నీ గంగే. మంజీరా గంగే, గోదావరీ గంగే. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి ఈరవ్వ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి ఇద్దరు కొడుకులను పెంచింది. పెద్దవాడు పోశన్న మాటకారి. పదిమందిలో కూర్చుంటే మిగతా తొమ్మిది మందికీ నోరు తెరిచే అవసరం రానివ్వడు. చిన్నవాడు లింబయ్య నోట్లో నాలుక లేని మనిషి. అన్న గీసిన గీత దాటి ఎరుగడు.

తొంభైలు సగం దాటాక నిజామాబాద్‌లో ఒక ఏజెంటు ద్వారా లింబయ్య దుబాయి చేరాడు. సముద్రం ఒడ్డున పెద్ద హోటలు. ఈత వచ్చా అని అడిగారట. మంజీరలో పుట్టినవాణ్ణి ఈత వచ్చా అని అడగడమేమిటో! సముద్రంలో స్నానాలు చేసే హోటలు వాళ్లను కనిపెట్టుకుని ఉండే పని ఇచ్చారు.

ఆ పని ఎట్లా ఉండేదో చెబుతాను, ఎందుకంటే నవ్విన వాళ్లెవరూ ఇది పూర్తిగా వినలేదు. పొద్దున్నే వాతావరణం ఆఫీసు నుంచి హోటలుకు ఒక కాగితం వచ్చేది. అల ఎంత ఎత్తు, గాలి ఎటు నుంచి, నీళ్లు ఎంత చల్లన, రేపు ఎట్లా ఉంటుంది. లింబయ్య దాన్ని ఇసుకలో నిలబెట్టిన బల్ల మీద అందరికీ కనబడేట్టు రాయాలి. అతనికి ఇంగ్లీషు రాదు. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు అక్షరాలు దించేవాడు. తర్వాత జెండా ఎక్కించాలి. సముద్రం నెమ్మదిగా ఉంటే పచ్చది, కొంచెం లేస్తే పసుపుది, ఎవరూ దిగకూడదంటే ఎర్రది. ఆపైన నిచ్చెనంత ఎత్తు కుర్చీ ఎక్కి పొద్దు గూకేదాకా నీళ్ల మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చోవాలి. ఎవరైనా మునుగుతున్నట్టుంటే దూకాలి. దూకాడు కూడా, చాలాసార్లు. ఒక ముసలాయనను, ఒక ఆడపిల్లను బతికించాడు. ఆ సంగతి ఊళ్లో చెప్పుకోవడం అతనికి చేతకాలేదు.

ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు చాయ్ హోటల్లో ఎవడో అన్నాడు, "ఏం లింబన్నా, సముద్రం ఎటన్న ఉరుకుతదని కావలి పెట్టిండ్రా నిన్ను?" అందరూ పగలబడి నవ్వారు. పోశన్న అందరికన్నా గట్టిగా నవ్వాడు. లింబయ్య కూడా నవ్వి చాయ్ తాగాడు. నాకు ఇప్పటికీ ఆ నవ్వులు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాతి చలికాలం మొదట్లో ఈరవ్వకు ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయాయి. పోశన్న బోధన్ బస్టాండు దగ్గర ఎస్టీడీ డబ్బా నుంచి హోటలుకు ఫోను చేశాడు.

"తమ్మీ, అవ్వకు పక్షవాతం కొట్టింది. నిన్నే కలవరిస్తున్నది. ఎట్లనన్న జేసి రా."

లింబయ్య మేనేజరు దగ్గరికి పోయి నిలబడ్డాడు. వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో తల్లి సంగతి చెప్పాడు. అక్కడ చలికాలమే సీజను. చలిదేశాల వాళ్లంతా ఎండ కాచుకోవడానికి ఆ నెలల్లోనే వస్తారు. మేనేజరు చెడ్డవాడేమీ కాదు. కిటికీలోంచి సముద్రం వైపు చెయ్యి చూపించాడు. బీచి తెరిచి ఉన్నంతకాలం కుర్చీలో మనిషి ఉండాలి, నీకు బదులు మనిషి లేడు అన్నాడు. గాలి లేచి బీచి మూసిన రోజు నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతాను, పోయి అమ్మను చూసి రా అన్నాడు.

లింబయ్యకు అది సబబుగానే తోచింది. చలికాలంలో అక్కడ వాయవ్యం నుంచి ఒక గాలి వస్తుంది. అరబ్బులు దాన్ని షమాల్ అంటారు. వచ్చిందంటే రెండు మూడు రోజులు సముద్రం మనిషిని దగ్గరికి రానివ్వదు. ప్రతి చలికాలమూ అది కొన్నిసార్లు వచ్చి పోతూనే ఉంటుంది. ఇంకో వారంలో రాకపోతుందా అనుకున్నాడు.

రాలేదు. ఆ ఏడు సముద్రం పళ్లెంలో పోసిన గంజిలా కదలకుండా ఉండిపోయింది. పొద్దున కాగితం తీసుకుంటాడు, అవే అక్షరాలు. నెమ్మది, నెమ్మది, రేపు కూడా నెమ్మది. ఆ మాటకున్న ఇంగ్లీషు అక్షరాలు చూడకుండా రాయడం వచ్చేసింది. పచ్చ జెండా దించకముందే మళ్లీ ఎక్కించే పొద్దయ్యేది. స్నానాలకు వచ్చినవాళ్లు బల్ల చూసి సంతోషంగా అతని భుజం తట్టేవాళ్లు, ఆ మంచి సముద్రాన్ని అతనే తెచ్చి పరిచినట్టు. అతను పళ్లికిలించేవాడు. ఎర్ర జెండా చేతికి అందేంత దూరంలోనే ఉండేది. ఎక్కిస్తే ఎవరూ దిగరు, కానీ మేనేజరుకు కళ్లున్నాయి కదా. అబద్ధపు జెండా ఎక్కించడం లింబయ్య వల్ల అయ్యే పని కూడా కాదు.

శుక్రవారం శుక్రవారం ఇంటికి ఫోను చేసేవాడు. ఆ వేళకు అతని భార్య గంగమణి బీడీల చాట పక్కన పెట్టి, పోశన్న వెంట బోధన్ వచ్చి ఎస్టీడీ డబ్బాలో కూర్చునేది.

"అవ్వ ఎట్లుంది?"

"గట్లనే ఉంది."

"అన్నం తింటుందా?"

"పిసరంత తింటుంది."

"నన్ను యాది జేస్తుందా?"

గంగమణి కాసేపు మాట్లాడేది కాదు. లైను కట్టయిందేమోనని లింబయ్య హలో హలో అనేవాడు. అప్పుడు అనేది, "రోజు జేస్తది. లింబడు ఎప్పుడొస్తడు, ఎప్పుడొస్తడు అంటది."

ఆ మాట విన్నాక అతనికి కుర్చీ మీద కూర్చోవడం కష్టమైపోయింది. తల్లి దారి చూస్తోంది. తనకూ తల్లికీ మధ్య అడ్డం ఉన్నదల్లా ఈ కదలని నీళ్లు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గంగపుత్రులు వానదేవుణ్ణి వాన అడుగుతారు. గంగమ్మకు బోనం పెట్టి చేపలు అడుగుతారు, చల్లగా చూడమంటారు. కానీ గంగను లెమ్మని మాత్రం ఎన్నడూ అనరు. నీళ్ల దగ్గర ఆ మాట నోట రాకూడదు. చిన్నప్పుడు ఒక ఎండాకాలం మంజీర ఎండి వలలు మూలకు పడితే, ఒడ్డున కూర్చున్న లింబయ్య "గంగ లేస్తే మంచిగుండు" అన్నాడట. ఈరవ్వ గంప దింపి మూతి మీద ఒకటి ఇచ్చింది.

"గంగను పిలువొద్దు బిడ్డా. పిలిస్తే వస్తది. వచ్చినంక ఎవలింటి మీద పడాల్నో దానికి తెల్వదు" అంది.

ఆ తల్లి కోసమే లింబయ్య ఆ మాట తప్పాడు. ఒక పొద్దున బల్ల మీద 'రేపు కూడా నెమ్మది' అని రాశాక, ఇసుకలో ఇంకా ఎవరూ లేని వేళ, మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. ఇంటి దగ్గర ఈరవ్వ కట్టి ఇచ్చిన పసుపు పొట్లం విప్పి నీళ్లలో చల్లాడు. దండం పెట్టాడు.

"లే తల్లీ. ఒక్కసారి లే. మా అవ్వను సూసొస్త" అన్నాడు.

అన్నాక భయం వేసి గబగబా ఒడ్డెక్కేశాడు. ఆ రోజంతా తెలిసినవాళ్లకు మొహం చూపించలేనట్టు ఉందని నాతో చెప్పాడు.

రెండు మూడు రోజులకే గాలి తిరిగింది. పొద్దున కాగితంలో అక్షరాలు మారాయి. ఆ చలికాలం ఒక్కసారీ దించని ఆ అక్షరాలను ఒకటికి రెండుసార్లు చూసుకుని బల్ల మీదికి దించాడట, సంతోషంతో. మధ్యాహ్నానికి సముద్రం ఇసుకను కొరుక్కుని తినసాగింది. ఎర్ర జెండా ఎక్కించాడు. జెండా గాలికి పటపటా కొట్టుకుంటుంటే కింద నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మేనేజరు మాట తప్పలేదు. పాస్‌పోర్టు ఇచ్చాడు, మర్నాటి విమానానికి టికెట్టు ఇప్పించాడు.

మర్నాడు బయలుదేరబోతుండగా హోటలు ఇసుక మీదికి ఒక శవం కొట్టుకొచ్చింది. పక్క రేవు నుంచి చేపలకు పోయిన చిన్న పడవ తిరగబడింది. ముగ్గురిలో ఇద్దరు ఈది గట్టెక్కారు. మూడోవాడు ఈ పిల్లవాడు. నడుముకున్న మొలతాడు చూసి మనవాడే అని లింబయ్య గుర్తుపట్టాడు. గట్టెక్కిన వాడొకడు పక్కన కూలబడి తెలుగులో ఏడుస్తున్నాడు. శ్రీకాకుళం వైపు వాళ్లు.

"ఇన్నాళ్లూ చెరువులాగుంది గదన్నా. ఇలాగ లేస్తాదని ఎవులనుకుంటారు?" అంటున్నాడు.

 లింబయ్య శవాన్ని రెండు చేతులా ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. చేతులు కడుక్కుని విమానాశ్రయానికి పోయాడు.

బొంబాయిలో దిగి, బస్సులో నిజామాబాద్ వచ్చి, అక్కడి నుంచి ఇంటికి చేరేదాకా అతను ఒక్కటే అనుకున్నాడు. చేసింది తప్పే, దాని పాపం నాదే, కానీ అవ్వ కళ్లు నన్ను చూస్తాయి. అంత బరువునూ ఆ ఒక్క మాట మీద ఆనించి మోసుకొచ్చాడు.

ఇంటి ముందు ఈరవ్వ నులక మంచం గోడకు నిలబెట్టి ఉంది. తమ్ముణ్ణి చూసి పోశన్న లోపలి నుంచి వచ్చాడు. తల మీద వెంట్రుకలు ఇంకా వేలెడు కూడా పెరగలేదు. గుండు కొట్టించుకున్న తల అది. లింబయ్య సంచి కింద పెట్టాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"నేను నీకు ఫోన్ జేసినంక రెండోనాడే" అన్నాడు పోశన్న.

గంగమణి కొంగు నోట్లో కుక్కుకుంది. "రోజు యాది జేస్తదంటివి గదనే" అని లింబయ్య ఆమెను అడిగాడు. ఆమె పోశన్న వైపు చూసింది.

పోశన్న ఏమాత్రం తడబడలేదు. అరుగు మీద కూర్చోబెట్టి తమ్ముడికి నచ్చజెప్పాడు. మావాళ్లలో చావు వార్త చెవిన పడ్డప్పటి నుంచే మైల. మైల ఉన్నవాడు గంగలో కాలు పెట్టరాదు.

"నీ నౌకరేమో గంగలనాయె. చెప్తే నువ్వు మైలపడుదువు. దిగకపోతే నౌకరి పోతది, దిగితే గంగ ఊకుండదు. నిన్ను మింగుతది. తెల్వనోనికి మైల లేదు. అందుకే చెప్పనియ్యలె. కుల పెద్దలను అడిగే చేసిన. నీ మంచికే తమ్మీ" అన్నాడు.

అది నిజమే. పెద్దలు ఒప్పుకున్నారు. ఊరంతా పోశన్న తెలివిని మెచ్చుకుంది. దూరాన ఉన్న తమ్ముడి బతుకు ఎంత ముందుచూపుతో కాపాడాడో అని చాయ్ హోటల్లో చెప్పుకున్నారు. ఒక మనిషికి తన తల్లి చచ్చిపోయిందని తెలుసుకునే హక్కుందని, ఏడ్చుకునే హక్కుందని ఆ తెలివైనవాళ్లలో ఒక్కడికీ తోచలేదు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనవుతుందంటారు. మా ఊళ్లో మంది ఎక్కువైన కొద్దీ బుద్ధి కూడా పలచనవుతుంది.

లింబయ్య గోడకున్న మంచం వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత సముద్రం సంగతి చెప్పాడు. పసుపు చల్లింది, లెమ్మని అడిగింది, అది లేచింది, మొలతాడు పిల్లవాణ్ణి ఎత్తి బండిలో పెట్టింది.

"అవ్వ పోయిందని చెప్తే ఏడ్చి ఊకుందును. గంగను పిలువకపోదును. ఆ పిలగాడు ఇంటికి పోతుండె" అన్నాడు.

పోశన్న ముందు బెదిరాడు. అతనూ గంగపుత్రుడే కదా. కానీ వాకిట్లో నలుగురం ఉన్నాం. మాటకారి తేరుకుని నవ్వాడు.

"పిస్సోనివి రా నువ్వు. సముద్రం నీ మాటకు లేస్తదా? గాలి లేసే దినమొచ్చింది, లేసింది. ఎవనికి మూడింది వాడు పోయిండు. నువ్వు పలికింది దానికి ఇనబడ్డదా ఏంది?"

"ఇనబడలేదంటవు."

"ఇనబడదు."

"మరి నా మైల దానికెట్ల కనబడుతుండె అన్నా?"

 మేము ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పదిమందిలో తొమ్మిది మందిని మాట్లాడనివ్వని మనిషి మా అందరి ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

లింబయ్య లేచి తల్లి మంచాన్ని కింద పరిచాడు. దాని పక్కన నేల మీద కూర్చుని, మా ఎవరినీ ఖాతరు చేయకుండా, గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టాడు. ఊరంతా ఏడ్చి ముగించిన చావుకు కొడుకు ఒక్కడే ఏడుస్తుంటే, ఓదార్చడానికి ఎవరికీ కాలు ముందుకు పడలేదు.